ఆఫ్రికన్ సిక్లిడ్‌లను తొట్టెలో వదిలే ముందు జాగ్రత్తలు

ఆఫ్రికాలోని మలావీ సరస్సుకు చెందిన ఎంబూనా అనే రకం సిక్లిడ్ చేపలను ఇంటికి తెచ్చే ముందే రాళ్ల అమరిక పూర్తిచేయాలి. ఇవి ఇసుకను నోటితో తవ్విపోస్తాయి కనుక, రాళ్లను ఇసుక మీద కాకుండా అడుగు అద్దంపై పలుచని థర్మాకోల్ పరిచి, దానిమీద కదలకుండా నిలపాలి. రాయి జారితే అద్దం పగలవచ్చు.

నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.8 నుంచి 8.6 మధ్య ఉండాలి, క్లోరిన్ ఉండకూడదు. తిరుపతి ఎండలకు నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది కనుక, కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఎయిర్‌పంపును సిద్ధం చేసుకోవాలి. దీన్ని మాత్రం దయచేసి వాయిదా వేయవద్దు.

ఒక మగచేపకు కనీసం మూడు ఆడచేపలు ఉండాలి. ఒక్క ఆడచేపే ఉంటే, మగచేప వేధింపులకు అది తోక చిరిగి మూలన నక్కుతుంది, ఆ అవస్థ చూడలేము. దవడ కింద ఉబ్బి, మేత ముట్టని ఆడచేప నోట్లో గుడ్లు ఉన్నట్టే. సుమారు మూడు వారాలు మోస్తుంది కనుక, దానికి వేరే తొట్టె ముందే సిద్ధంగా ఉండాలి.