మీ డిపార్ట్‌మెంట్‌లో డేటాను పనికొచ్చేలా వాడుకోవడం ఎలా?

సోమవారం ఉదయం మీటింగ్. ఈ నెలలో ఎంతమంది కొత్త కస్టమర్లు వచ్చారని మేనేజర్ అడిగారు. సేల్స్ వాళ్లు 340 అన్నారు. కస్టమర్ కేర్ వాళ్లు 310 అన్నారు. అకౌంట్స్ వాళ్ల లెక్కలో 290 మందే ఉన్నారు. మిగతా గంటంతా ఎవరి లెక్క సరైనదో తేల్చడానికే సరిపోయింది. అసలు ఆ లెక్క ఎందుకు అడిగారో చివరికి ఎవరికీ గుర్తు లేదు.

నేను పనిచేసిన చోట ఇలాంటి మీటింగులు చాలా చూశాను. నిజానికి ముగ్గురి లెక్కా సరైనదే. ఆర్డర్ ఇచ్చినవాళ్లను సేల్స్ వాళ్లు లెక్కపెట్టారు, సరుకు అందుకున్నవాళ్లను కస్టమర్ కేర్ వాళ్లు, డబ్బు కట్టినవాళ్లను అకౌంట్స్ వాళ్లు. డేటా అందరి దగ్గరా ఉంది. దాంతో ఏ నిర్ణయం తీసుకోవాలో మాత్రం ఎవరూ అనుకోలేదు. అందుకే ఈ పని సాఫ్ట్‌వేర్ కొనడంతో కాకుండా ఒక ప్రశ్న రాసుకోవడంతో మొదలుపెట్టమంటాను.

1. ముందు నిర్ణయం రాసుకోండి

"అమ్మకాల మీద రిపోర్టు కావాలి" అనుకుంటే వంద పేజీలు వస్తాయి, ఎవరూ చదవరు. "వచ్చే నెల ఇద్దరు సేల్స్‌మెన్‌ను కొత్త కస్టమర్ల వెంట పంపాలా, పాత కస్టమర్ల దగ్గరికి పంపాలా?" అని రాసుకుంటే ఏ అంకెలు కావాలో వెంటనే తెలుస్తుంది. కొత్తవాళ్ల నుంచి ఆర్డర్ రావడానికి ఎన్ని రోజులు పడుతోంది, పాతవాళ్లలో ఎంతమంది ఆరు నెలల్లో మళ్లీ కొన్నారు. ఈ రెండూ చాలు.

ఇప్పటికే తయారవుతున్న రిపోర్టులకూ ఇదే పరీక్ష పెట్టండి. ఒక్కో అంకె పక్కన "ఇది సగానికి పడిపోతే మేం ఏం మారుస్తాం?" అని రాయండి. జవాబు దొరకని అంకెను తయారు చేయడం ఆపేయండి. వారానికి అరపూట ఎవరో కూర్చుని దాన్ని తయారు చేస్తున్నారు. ఆ సమయం వాళ్లకు తిరిగొస్తుంది.

2. మాటల అర్థాల మీద ఒప్పందానికి రండి

కొత్త కస్టమర్ అంటే ఎవరు? అమ్మకం జరిగినట్టు ఎప్పుడు లెక్క? ఆర్డర్ వచ్చిన రోజా, సరుకు బయల్దేరిన రోజా, డబ్బు అందిన రోజా? నెల అంటే క్యాలెండర్ నెలా, జీతాల నెలా? ఇలాంటి పది, పదిహేను మాటలకు ఒక్కో వాక్యంలో అర్థం రాసి, అన్ని డిపార్ట్‌మెంట్ల పెద్దల చేత ఒప్పించుకుని, అందరికీ కనిపించే చోట పెట్టండి. ఎవరి లెక్క వాళ్లు మానుకోనక్కర్లేదు. "ఆర్డర్ ఇచ్చిన కస్టమర్", "డబ్బు కట్టిన కస్టమర్" అని వేర్వేరు పేర్లు పెడితే సరిపోతుంది.

ఇది చాదస్తంలా అనిపించవచ్చు. 1999 సెప్టెంబరులో నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దగ్గరికి చేరుకుంటూ నాశనమైంది. ఒక బృందం సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల (నౌకను నెట్టే చిన్న ఇంజన్ల) లెక్కను పౌండ్ల కొలతలో ఇచ్చింది. దాన్ని అందుకున్న బృందం అవి న్యూటన్ కొలతలనే అనుకుంది. అంకెలు సరిగ్గానే చేతులు మారాయి, వాటి అర్థం మాత్రం చేతులు మారలేదు. అంత నిపుణుల మధ్యే అలా జరిగితే, సేల్స్‌కూ అకౌంట్స్‌కూ మధ్య జరగదని ఎలా అనుకుంటాం?

3. డేటా ఎక్కడుందో, ఎంత శుభ్రంగా ఉందో చూడండి

ఒక కాగితం మీద రాయండి: ఏ సమాచారం ఎవరి దగ్గర ఉంది, ఎవరు ఎక్కిస్తారు, ఎన్ని రోజులకోసారి. చాలాసార్లు మీకు కావాల్సింది పక్క గదిలోనే ఉంటుంది. వస్తువు ఎందుకు వాపసు వస్తోందని తయారీ విభాగం తల పట్టుకుంటుంటే, ఆ కారణాలన్నీ కస్టమర్ కేర్ వాళ్ల ఫోన్ నోట్సులో పడి ఉంటాయి. నోరు తెరిచి అడిగితే చాలు.

తర్వాత ఒక 50 వరుసలు తీసుకుని కళ్లతో చదవండి. ఒకే కస్టమర్ మూడు స్పెల్లింగులతో ఉన్నారా? తేదీల్లో నెల ముందు, రోజు వెనక పడిందా? ఖాళీ గడి అంటే సున్నానా, తెలియదనా? ఈ తప్పులు మొత్తం ఫలితాన్నే తారుమారు చేస్తాయి.

ఎక్సెల్ షీట్ చిన్న సంస్థకు చక్కగా సరిపోతుంది, కానీ దానికీ హద్దులున్నాయి. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు కొన్ని రోజుల పాటు లెక్కలోకి రాలేదు. పాత రకం ఎక్సెల్ ఫైల్‌లో 65,536 వరుసలకు మించి పట్టవు, మిగిలినవి రాలిపోయాయి. ఒక ఫైల్ నుంచి ఇంకో ఫైల్‌లోకి డేటా వెళ్లిన ప్రతిసారీ రెండు వైపులా వరుసల సంఖ్య, మొత్తం కూడిక సరిపోయాయో లేదో చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు తప్పకుండా పెట్టండి.

4. ఇక ఒక్కో డిపార్ట్‌మెంట్ సంగతి

సేల్స్. మొత్తం అమ్మకాన్ని చూసి ఊరుకోకుండా దారిలో ఎక్కడ జారిపోతున్నారో చూడండి. 200 మంది వివరాలు అడిగారు, 80 మందికి కొటేషన్ వెళ్లింది, 20 ఆర్డర్లు వచ్చాయి అనుకుందాం. 120 మందికి అసలు కొటేషనే వెళ్లలేదు. బేరం బాగా ఆడే మనిషిని తీసుకోవడం కంటే ముందు, ఆ 120 మందికి ఎందుకు జవాబు ఇవ్వలేకపోయామో కనుక్కోవాలి. ఆర్డర్ పోయినప్పుడు కారణం రాసే అలవాటు చేయండి. "ధర ఎక్కువ" అని ఒక్క మాటతో సరిపెట్టనివ్వకండి. ఆలస్యం వల్ల విసిగినవాళ్లు కూడా మర్యాదకు ధర పేరే చెబుతారు.

మార్కెటింగ్. ఇక్కడ అభిప్రాయాలు ఎక్కువ, పరీక్షలు తక్కువ. రెండు రకాల ప్రకటనల్లో ఏది మేలో తేలాలంటే కస్టమర్లను లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కోటి చూపించాలి. ఎన్ని రోజులు నడపాలో, ఎంతమందికి చూపించాలో ముందే రాసుకుని, అది పూర్తయ్యేదాకా ఆగాలి. మనకు నచ్చినది ముందంజలో ఉన్న రోజు ఆపేస్తే అది పరీక్ష కాదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల సెర్చ్ ఇంజన్ బింగ్‌లో ప్రకటనల శీర్షికలు చూపించే తీరును కొద్దిగా మార్చాలని ఒక ఉద్యోగి సూచించారు. అదేమంత ముఖ్యం కాదని నెలల తరబడి పక్కన పెట్టారు. 2012లో చివరికి పరీక్షించి చూస్తే ఆదాయం 12 శాతం పెరిగింది. ఏ ఆలోచన పనిచేస్తుందో అనుభవజ్ఞులకు కూడా ముందే తెలియదు. అందుకే చిన్న పరీక్షలను చవగ్గా, తరచుగా చేయగలిగే ఏర్పాటు ఉండాలి.

స్టాకు, గోడౌన్. నా ఉద్దేశంలో డేటా వల్ల అన్నిటికంటే త్వరగా లాభం కనిపించేది ఇక్కడే. ఒక వస్తువు రోజుకు సగటున 20 పోతోంది, ఆర్డర్ పెట్టాక సరుకు రావడానికి 7 రోజులు పడుతుంది అనుకోండి. ఆ వారానికి 140 కావాలి. హఠాత్తుగా గిరాకీ పెరిగినా, లారీ ఆలస్యమైనా తట్టుకోవడానికి ఇంకో 40 కలపండి. స్టాకు 180కి దిగగానే ఆర్డర్ పెట్టాలి. ఆ 40 అనే అంకె ఊహించి వేయకండి. గత ఏడాదిలో గిరాకీ ఎంత ఎగుడుదిగుడుగా ఉంది, సప్లయర్ ఎన్నిసార్లు ఎన్ని రోజులు ఆలస్యం చేశారు అనేది చూసి నిర్ణయించండి.

ఇక్కడే చాలామంది పడే గుంత ఒకటుంది. అమ్మకాల లెక్కను గిరాకీ లెక్క అనుకుంటాం. స్టాకు అయిపోయిన పది రోజులు అమ్మకం సున్నా అని పడుతుంది. కంప్యూటర్ దాన్ని చూసి "ఈ వస్తువుకు గిరాకీ తగ్గింది" అంటుంది, తర్వాతి ఆర్డర్ తగ్గిస్తాం, మళ్లీ త్వరగా అయిపోతుంది. బాగా పోయే సరుకును మన చేతులతో మనమే చంపుకుంటాం. సగటు తీసేటప్పుడు స్టాకు లేని రోజులను పక్కన పెట్టండి. లేదని చెప్పి పంపిన ప్రతి కస్టమర్‌కు ఒక గీత గీయించండి. అది ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండని డేటా.

అకౌంట్స్. లాభం కనిపిస్తున్నా చేతిలో డబ్బు ఆడకపోతే టెన్షన్ తప్పదు. రావాల్సిన బాకీలను 30 రోజుల లోపువి, 31 నుంచి 60, 61 నుంచి 90, ఆ పైవి అని విడగొట్టండి. బాకీలు మొత్తం కలిపి మూడు నెలల అమ్మకాల్లో మూడో వంతు ఉంటే, డబ్బు రావడానికి దాదాపు 30 రోజులు పడుతున్నట్టు. ఈ పట్టిక అకౌంట్స్ గదిలోనే ఉండిపోకూడదు. కొత్త ఆర్డర్ తీసుకునే ముందు సేల్స్ వాళ్లకు కనిపించాలి.

కస్టమర్ కేర్. వీళ్ల దగ్గర బంగారం లాంటి సమాచారం ఉంటుంది, అడిగేవాళ్లే తక్కువ. ముందుగా సగటు గురించి జాగ్రత్త. పది ఫిర్యాదుల్లో తొమ్మిదింటికి 4 నిమిషాల చొప్పున, ఒకదానికి 64 నిమిషాలు పట్టిందనుకోండి. సగటు 10 నిమిషాలు. కానీ నిజంగా 10 నిమిషాలు పట్టిన ఫిర్యాదు ఒక్కటీ లేదు. వరుసగా పేర్చి మధ్యలో ఉన్నదాన్ని, అంటే మధ్యగతాన్ని చూస్తే 4 అని తెలుస్తుంది. అప్పుడు ఆ ఒక్క 64 నిమిషాల ఫోన్ ఏమిటో విడిగా విచారించవచ్చు.

ఫిర్యాదులను కారణాల వారీగా విడగొట్టి, ఎక్కువ వచ్చే రెండు, మూడు కారణాలను ప్రతి వారం సంబంధిత డిపార్ట్‌మెంట్‌కు పంపండి. ఎంత ఓపిగ్గా సమాధానం చెప్పారన్నది ముఖ్యమే. ఆ ఫోన్ అసలు ఎందుకు రావాల్సి వచ్చిందో కనుక్కుని ఆ కారణాన్నే తీసేస్తే ఇంకా మేలు. ఇంకో మాట, ఫిర్యాదు చేయకుండా వెళ్లిపోయినవాళ్లు ఈ లెక్కలో ఉండరు. మూడు నెలలుగా ఏమీ కొనని పాత కస్టమర్లలో కొందరికి మీరే ఫోన్ చేసి అడగండి.

తయారీ, నాణ్యత. రోజువారీ లోపాలు కాస్త పెరగడం, తగ్గడం సహజం. అమెరికన్ ఇంజినీరు వాల్టర్ షూహార్ట్ 1924లో దీనికి ఒక చక్కటి పద్ధతి చూపించారు. అంకెలను రోజు వారీగా గ్రాఫు మీద గుర్తించి, మధ్యలో సగటు గీత, పైనా కిందా హద్దు గీతలు గీస్తారు. హద్దుల లోపల ఊగుతుంటే అది ఆ పద్ధతి సహజ స్వభావం, తగ్గించాలంటే పద్ధతినే మార్చాలి. హద్దు దాటితే ప్రత్యేకంగా ఏదో జరిగింది, ఆ రోజే వెతకాలి. ఈ తేడా తెలియక, నిన్న 5 లోపాలు ఉండి ఇవాళ 7 అయ్యాయని కార్మికులను నిలదీసే మేనేజర్లను చూస్తే బాధేస్తుంది. వాళ్ల తప్పు ఏమీ ఉండదు.

హెచ్ఆర్. ఏడాదిలో ఎంతమంది మానేశారన్న ఒక్క అంకె ఏమీ చెప్పదు. చేరిన మొదటి ఆరు నెలల్లో మానేసేవాళ్లు ఎక్కువైతే నియామకంలోనో, ఇచ్చిన మాటలోనో తేడా ఉన్నట్టు. మూడేళ్లు దాటాక మానేస్తుంటే ఎదుగుదలకు దారి లేదేమో చూడాలి. గూగుల్ 2008 ప్రాంతంలో తమ మేనేజర్ల మీద జరిపిన అధ్యయనంలో మంచి మేనేజర్‌కు ఉండే ఎనిమిది లక్షణాలు తేలాయి. అందులో సాంకేతిక నైపుణ్యం చివరి స్థానంలో నిలిచింది, మనుషులను పట్టించుకుని దారి చూపడం ముందు నిలిచింది. హెచ్ఆర్ డేటా మనుషుల జీవితాలకు సంబంధించినది. సర్వే ఫలితాలు ఇచ్చేటప్పుడు మరీ చిన్న బృందాలను విడిగా చూపించకండి, ఎవరేమన్నారో ఇట్టే తెలిసిపోతుంది. ఒక్కసారి నమ్మకం పోతే తర్వాత ఎవరూ నిజం రాయరు.

5. అంకెను టార్గెట్ చేసే ముందు ఆలోచించండి

ఒక అంకె మీద జీతాలు, బోనస్‌లు ఆధారపడగానే మనుషులు ఆ అంకెను పెంచే దారులు వెతుకుతారు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఉద్యోగులు అమ్మకాల టార్గెట్ల ఒత్తిడిలో కస్టమర్లకు తెలియకుండానే లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచారు. 2016లో ఆ బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ప్రతి టార్గెట్‌కూ దాన్ని అదుపులో పెట్టే ఇంకో అంకెను జత చేయండి. ఫోన్ త్వరగా ముగించమంటే, అదే కస్టమర్ వారంలోపు మళ్లీ ఫోన్ చేశారా అన్నదీ చూడండి. అమ్మకాలు పెంచమంటే, వాపసులనూ చూడండి.

6. నిర్ణయాల పుస్తకం పెట్టుకోండి

దీనికి మామూలు నోట్‌బుక్కు చాలు. తేదీ, ఏం నిర్ణయించాం, ఏ అంకె చూసి నిర్ణయించాం, ఏం జరుగుతుందని అనుకున్నాం, మళ్లీ ఎప్పుడు చూస్తాం. ఈ ఐదు విషయాలు రాయండి. ముందే రాసుకోకపోతే, తర్వాత ఏం జరిగినా "నేను అనుకున్నట్టే అయింది" అంటాం.

మొదటి నెల ఒకే డిపార్ట్‌మెంట్, ఒకే నిర్ణయం పెట్టుకోండి. మొదటి వారం ప్రశ్న, మాటల అర్థాలు. రెండో వారం డేటా వెతకడం, శుభ్రం చేయడం. మూడో వారం చిన్న మార్పు చేసి చూడడం. నాలుగో వారం పుస్తకం తెరిచి, అనుకున్నదీ జరిగిందీ పక్కపక్కన పెట్టి అందరూ కలిసి చదవడం. ఆ రోజు మీటింగుకు పక్క డిపార్ట్‌మెంట్ నుంచి కూడా ఒకరిని పిలవండి. రెండో నెలకు కావాల్సిన ప్రశ్న తరచుగా వాళ్ల నోటి నుంచే వస్తుంది.