బ్రూస్ ట్రైల్‌లో పాత కాలువల మీదుగా గుంపుగా నడిచే ముందు

అక్టోబరులో ఆకులు రంగు మారగానే అందరి మనసూ నయాగరా వైపు లాగుతుంది. ఒకరు మొదలుపెడితే పదిహేను మంది తయారవుతారు. కెనడాలోని సెయింట్ కాథరిన్స్ ఊరి దగ్గర, బ్రూస్ ట్రైల్ అనే పొడవాటి కాలిబాట మీద, ఎస్కార్ప్‌మెంట్ (నిలువుగా తెగినట్టుండే కొండ గట్టు) అంచు వెంబడి నడుస్తూ, ఓడల కోసం తవ్విన పాత వెల్లండ్ కాలువలు చూసే దారి నాకు చాలా ఇష్టం. కానీ గుంపుతో వెళ్ళినప్పుడే నాకు ఎక్కువ భయం, ఎందుకంటే పక్కన మనుషులున్నారన్న ధీమాతో ఎవరూ కిందికి చూడరు, మాటల్లో పడి అంచుకు ఎంత దగ్గరగా వచ్చామో కూడా గమనించరు.

ముందు ఆ అంచు సంగతి. పైన ఉన్నది గట్టి డోలమైట్ రాయి, దాని కింద పొరలు పొరలుగా ఉండే మెత్తని షేల్ రాయి. వాన, మంచు ఆ మెత్తని రాయిని మెల్లగా తినేస్తాయి కాబట్టి పై బండ చూరులాగా ముందుకు పొడుచుకొస్తుంది. మీరు నిలబడిన చోట నుంచి అది కనిపించదు. రాయి గట్టిగానే ఉంది కదా అని ఫోటో కోసం చివరి దాకా వెళ్ళకండి, మీ కింద ఏమీ లేకపోవచ్చు. దారి కంటే ముందుకు ఒక్క అడుగు కూడా వద్దు. పిల్లలుంటే అంచున్నంతసేపూ చెయ్యి వదలకండి. పైగా తడి ఆకులు పరుచుకుంటే వేళ్ళు, రాళ్ళ సందులు ఏవీ కనబడవు, మామూలు రన్నింగ్ షూస్ జర్రున జారతాయి. చీలమండ పైదాకా పట్టి ఉండే, అడుగు గరుకుగా ఉన్న బూట్లే వేసుకోండి.

కొండ దిగి కాలువల దగ్గరికి రాగానే అమ్మయ్య అనుకుంటాం. నా మాట నమ్మండి, అసలు జాగ్రత్త అక్కడే కావాలి. మొదటి కాలువ 1829లో చెక్క లాకులతో (నీటిమట్టం పెంచి, తగ్గించి ఓడను ఎక్కించి దించే తలుపుల తొట్లు) తెరిచారు, రెండోది 1845లో రాతితో, మూడోది 1887లో. ఓడలు పెద్దవయ్యే కొద్దీ పాతది వదిలేసి కొత్తది కట్టుకుంటూ పోయారు, ఇప్పుడు వాడుకలో ఉన్నది 1932 నాటి నాలుగోది. మౌంటెన్ లాక్స్ పార్క్‌లో కనిపించేవి రెండో కాలువ లాకులు. ఒకసారి నేను ఒక లాకు పక్కన వంగి చూస్తే గోడ పైరాయి మీద నాచు, నాచు మీద పసుపు ఆకులు, దూరానికి అచ్చం గడ్డి గట్టులా ఉంది. అది దాటితే నిలువునా గోడ, పట్టుకోవడానికి ఏమీ లేదు. అన్నిచోట్లా రెయిలింగ్ కూడా ఉండదు. ఆ గోడల మీద కూర్చుని తినడం, ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి గెంతడం వద్దే వద్దు. ఎవరైనా నీళ్ళలో పడితే వెంటనే దూకకండి, కర్రో చున్నీయో అందించండి, అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యండి.

ఇప్పటి కాలువ మీద వంతెన ఓడ వస్తే పైకి లేస్తుంది, అది దాటేదాకా ఆగాల్సిందే. ఆ సమయం కూడా లెక్కలో వేసుకోండి. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ చలికాలపు సమయానికి గడియారం గంట వెనక్కి జరిగాక సాయంత్రం ఐదు దాటితే చీకటే. ఫోన్ లైటును నమ్ముకోకుండా తలకు పెట్టుకునే టార్చి ఒక్కొక్కరికి ఒకటి ఉండాలి.

గుంపు తప్పడం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే పోయినసారి మాకు ఇదే జరిగింది. బ్రూస్ ట్రైల్ అసలు దారికి చెట్ల మీద తెల్ల పట్టీలు, పక్కదారులకు నీలం పట్టీలు ఉంటాయి. ఒకదానిపై ఒకటి రెండు పట్టీలుంటే అక్కడ మలుపు ఉందని, పైపట్టీ ఏ పక్కకు జరిగి ఉంటే అటే తిరగాలని. మా వెనక ఇద్దరు కబుర్లలో పడి నీలం పట్టీ వెంట వెళ్ళిపోయారు, మేము ముప్పావుగంట తర్వాత గానీ లెక్క చూసుకోలేదు, ఆ ముప్పావుగంట టెన్షన్ మాటల్లో చెప్పలేను. అప్పటినుంచి ముందు ఒకరు, చివర ఒకరు బాధ్యత తీసుకుంటున్నాం. చివరి మనిషిని దాటి ఎవరూ వెనక ఉండరు, ప్రతి మలుపులోనూ, ప్రతి రోడ్డు దగ్గరా తలలు లెక్కపెడతాం. అందరిలో నెమ్మదిగా నడిచేవాళ్ళదే గుంపు వేగం, పెద్దవాళ్ళు వస్తే మరీ. దారి మ్యాప్ ఫోన్‌లో ముందే దించుకోండి. రెండో కారు అవతలి చివర పెట్టేట్లయితే దాని తాళం నడిచేవాళ్ళ జేబులోనే ఉందో లేదో బయల్దేరేముందు చూడండి.

తగిలితే చర్మం దురద పెట్టి బొబ్బలెక్కే, మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ మొక్కను ముట్టుకోకండి. ఆకు రాలాక కూడా చెట్లకు పాకిన నూగు తీగలో ఆ జిడ్డు ఉంటుంది, తగిలితే వెంటనే సబ్బుతో కడగాలి.

చలి వచ్చింది కదా, పిడుదులు ఉండవనుకోవద్దు. 4 డిగ్రీలు దాటితే అవి తిరుగుతూనే ఉంటాయి, కొన్నిటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. ప్యాంటు అంచులు సాక్సులో దోపుకోండి. ఇంటికెళ్ళి స్నానం చేసేటప్పుడు మోకాళ్ళ వెనక, చంకలు, తలలో వెతకండి. పట్టుకుని ఉంటే సన్న మొన ఉన్న చిన్న చిమ్టాతో (ట్వీజర్స్) చర్మానికి ఆనించి తల దగ్గర పట్టి నిదానంగా నిటారుగా లాగండి, నూనె పోయడం, కాల్చడం చెయ్యకండి. ఒక రోజు లోపల తీసేస్తే జబ్బు అంటుకునే అవకాశం చాలా తక్కువ. తీసిన పిడుదును చిన్న డబ్బాలో వేసి, ఆ తేదీ రాసిపెట్టుకోండి, తర్వాత జ్వరమో దద్దురో వస్తే డాక్టరుకు చూపించడానికి.