మెడికల్ బయోకెమిస్ట్రీ ఎలా చదవాలి? బూడిదరంగు మూత దగ్గర మొదలుపెట్టండి

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాక మన పిల్లలు చాలామంది ఇంటికి దగ్గర్లోనే ఎంబీబీఎస్ చదువుతున్నారు. మొదటి ఏడాది మూడు సబ్జెక్టులు. అనాటమీకైతే ఎదురుగా టేబుల్ మీద శరీరం ఉంటుంది. ఫిజియాలజీలో నాడి పట్టి చూడొచ్చు, బీపీ కొలవొచ్చు. శరీరంలో జరిగే రసాయన చర్యలను చెప్పే బయోకెమిస్ట్రీలో మాత్రం బోర్డు నిండా బాణాలు, నోరు తిరగని ఎంజైమ్ పేర్లు. అందుకే చాలామంది దాన్ని చివరికి నెట్టేసి, పరీక్షల ముందు రాత్రిళ్లు కూర్చొని బట్టీ పడతారు.

నేనూ అదే చేశాను. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె. ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ మా నాయనమ్మ నడుము వంగిపోయింది, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిరగాల్సి వచ్చేది. మొదటి ఇంటర్నల్ వైవాలో (నోటి పరీక్షలో) గ్లైకోలిసిస్, అంటే గ్లూకోజ్ విరిగే దారి, పది మెట్లు గడగడా అప్పజెప్పాను. మేడమ్ ఒక చిన్న ట్యూబు నా చేతిలో పెట్టారు. దానికి బూడిదరంగు మూత. "ఇందులో ఏముంది? ఎందుకు వేస్తారు?" అని అడిగారు. నోరు మెదపలేకపోయాను. ఆ దారిలోని ఎనొలేజ్ అనే ఎంజైమ్‌ను ఫ్లోరైడ్ ఆపుతుందని ముందురోజే పేపర్లో రాశాను. ఆ ఫ్లోరైడే నా చేతిలో ఉందని తట్టలేదు. ఆ రోజు నుంచి నేను చదివే తీరు మారింది. అది ఎట్లా మారిందో వరుసగా చెబుతాను.

మొదటి మెట్టు: ప్రశ్న ముందు, పాఠం తర్వాత

ఏ పాఠం తెరిచినా ముందు ఒక రోగినో, ఒక ల్యాబ్ శాంపిల్‌నో ఎదురుగా పెట్టుకోండి. ఆ బూడిదరంగు మూత ట్యూబునే తీసుకుందాం. షుగర్ టెస్టుకు రక్తం తీసి మామూలు ట్యూబులో అట్లాగే ఉంచితే, అందులోని కణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. పొద్దున్నే పీహెచ్‌సీలో తీసిన రక్తం మధ్యాహ్నానికి జిల్లా ఆసుపత్రి ల్యాబుకు చేరితే రిపోర్టులో షుగర్ ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. అందుకే ఆ ట్యూబులో సోడియం ఫ్లోరైడ్ వేస్తారు. ఎనొలేజ్ పనిచేయాలంటే మెగ్నీషియం కావాలి. ఫ్లోరైడ్ ఆ మెగ్నీషియంతో, ఫాస్ఫేట్‌తో కలిసి ఎంజైమ్‌ను కట్టిపడేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా, అదే ట్యూబులో వేసే పొటాషియం ఆక్సలేట్ కాల్షియంను పట్టుకుంటుంది.

ఇంతటితో ఆగకండి. ఎనొలేజ్ తొమ్మిదో మెట్టు కదా, మరి దానికి పైనున్న ఎనిమిది మెట్ల మాటేమిటి? అవి కాసేపు నడుస్తూనే ఉంటాయి. అందుకే ఫ్లోరైడ్ ట్యూబులో కూడా మొదటి గంట, రెండు గంటలు గ్లూకోజ్ కొంత పడిపోతుంది. ఆ తర్వాతే నిలకడగా ఉంటుంది. ప్లాస్మాను తొందరగా వేరు చేయమని చెప్పేది ఇందుకే. పది మెట్ల వరుస ఎందుకు తెలియాలో నాకు ఇక్కడ అర్థమైంది.

మన జిల్లా పిల్లలు ఒక పొరపాటు పడే అవకాశం ఉంది, నేనూ పడ్డాను. ట్యూబులో మిల్లీలీటర్ రక్తానికి సుమారు 2 నుంచి 2.5 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. రెండింటి మధ్య తేడా వందల రెట్లు. కాబట్టి నాయనమ్మ నడుము వంగింది ఎనొలేజ్ ఆగి కాదు. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకలో చేరి, అక్కడి ఖనిజమైన హైడ్రాక్సీ అపటైట్‌లోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమించుకుంటుంది. ఎముక గట్టిపడినట్టు కనిపించినా తీరు తప్పుతుంది, లిగమెంట్లు కూడా ఎముకలా బిగుసుకుపోతాయి. పదార్థం ఒకటే అయినా మోతాదు వేరు, చోటు వేరు, కాబట్టి జరిగేదీ వేరు. ఈ తేడా చెప్పగలిగితే మినరల్స్ పాఠం సగం వచ్చినట్టే.

రెండో మెట్టు: చార్టు మీద ఒకే పటం

పెద్ద చార్టు ఒకటి కొనండి. మధ్యలో గ్లూకోజ్, అది విరిగితే వచ్చే పైరువేట్, దాని నుంచి వచ్చే అసిటైల్ కో-ఏ, ఆక్సలోఅసిటేట్ రాయండి. కొవ్వులు, అమైనో ఆమ్లాలు, కీటోన్లు అన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. అసిటైల్ కో-ఏ మనకు నార్కట్‌పల్లి చౌరస్తా లాంటిది. అన్ని వైపుల బండ్లూ అక్కడికి వస్తాయి. అయితే పైరువేట్ నుంచి అక్కడికి వచ్చే దారి వన్‌వే, వెనక్కి తిరగడం కుదరదు. అందుకే ఫ్యాటీ యాసిడ్ల నుంచి వచ్చిన అసిటైల్ కో-ఏతో శరీరం గ్లూకోజ్ తయారు చేసుకోలేదు.

ప్రతి దారిలో వేగాన్ని అదుపు చేసే ఒక గేటు ఉంటుంది. ముందు ఆ గేటు దగ్గరి ఎంజైమ్ ఒక్కటి నేర్చుకోండి: గ్లైకోలిసిస్‌కు ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్-1, కొలెస్ట్రాల్ తయారీకి హెచ్‌ఎంజీ కో-ఏ రిడక్టేజ్, యూరియా సైకిల్‌కు కార్బమాయిల్ ఫాస్ఫేట్ సింథటేజ్-1. తిన్న రెండు గంటలకు ఏ గేటు తెరిచి ఉంటుంది, ఒకపొద్దు రోజు సాయంత్రానికి ఏది తెరుచుకుంటుంది అన్నది రెండు రంగుల్లో గీయండి. తర్వాత పుస్తకం మూసి తెల్లకాగితం మీద మళ్లీ గీయండి. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడినుంచే మర్నాడు చదవాలి. నిర్మాణాల బొమ్మలు ఈ పని తర్వాతే.

మూడో మెట్టు: మన వార్డుల్లోని కేసులు

ఇక్కడ మాత్రం తొందరపడకండి. సాయంత్రాలు క్యాజువాలిటీ వైపు వెళ్లే అవకాశం దొరికితే వదులుకోవద్దు.

రోజంతా పనిచేసి, ఏమీ తినకుండా తాగి పడుకున్న కూలీని తెల్లవారి స్పృహ లేకుండా తెస్తారు. షుగర్ 40 ఉంటుంది. ఎందుకు? మద్యాన్ని విరగ్గొట్టే ఎంజైములు ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్, ఆ తర్వాత ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ పనిచేస్తుంటే కాలేయంలో ఎన్‌ఏడీహెచ్ (ఎలక్ట్రాన్లు మోసే అణువు) పేరుకుపోతుంది. పైరువేట్ లాక్టేట్ వైపు, ఆక్సలోఅసిటేట్ మాలేట్ వైపు మళ్లిపోతాయి. కొత్త గ్లూకోజ్ చేయడానికి ముడిసరుకు మిగలదు. నిల్వ ఉన్న గ్లైకోజెన్ పస్తుతో ముందే అయిపోయింది. డాక్టర్లు గ్లూకోజ్‌తో పాటు థయమిన్ (విటమిన్ బి1) ఎందుకిస్తారో కూడా ఇక్కడే చూడండి. పైరువేట్ డీహైడ్రోజినేజ్‌కు థయమిన్ లేనిదే పని సాగదు, రోజూ తాగేవాళ్లలో అదే కొరవడుతుంది. గ్లైకోలిసిస్, గ్లూకోనియోజెనెసిస్ (కొత్త గ్లూకోజ్ తయారీ), విటమిన్లు మూడూ ఈ ఒక్క మంచం దగ్గరే దొరుకుతాయి.

ఎంజైమ్ ఇన్‌హిబిషన్ (ఎంజైమ్ పనిని ఆపడం) చదివే రోజున, పత్తికి మందు కొట్టి పడిపోయిన రైతును గుర్తు తెచ్చుకోండి. ఆ పురుగుమందులోని ఆర్గానోఫాస్ఫేట్, నరాల సంకేతాన్ని ఆపే కోలినెస్టరేజ్ ఎంజైమ్‌లోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంటుంది. కొంత సమయం గడిస్తే ఆ అతుకు ఊడదు, దాన్నే ఏజింగ్ అంటారు. ఆ అతుకును విడగొట్టే పామ్ ఇంజెక్షన్ ఆలోపే పడాలని చెప్పేది అందుకే.

ఇక పాలమూరు జొన్న రొట్టె. దక్కన్‌లో జొన్నే ప్రధాన తిండిగా బతికిన పేదల్లో పెల్లాగ్రా (నియాసిన్ అనే విటమిన్ కొరతతో వచ్చే జబ్బు) ఎందుకు కనిపిస్తోందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకాంతియా ఆలోచించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి శరీరం నియాసిన్ చేసుకునే లెక్కను దెబ్బతీస్తుందని 1960లో ప్రతిపాదించారు. తర్వాతి పరిశోధనలన్నీ దాన్ని ఒకే తీరుగా బలపరచలేదు. అయినా ఆ ప్రశ్న మన గడ్డ మీద పుట్టింది. దాన్ని పట్టుకుని చదివితే ట్రిప్టోఫాన్ మెటబాలిజం మరిచిపోరు. అంతమాత్రాన జొన్నను తప్పుపట్టొద్దు. పప్పు, పాలు, గుడ్డు పక్కన ఉంటే రొట్టె మంచి తిండే.

నాలుగో మెట్టు: ప్రాక్టికల్స్‌లో చెయ్యి పెట్టండి

మూత్రంలో చక్కెర చూసే బెనెడిక్ట్ టెస్టు పక్కవాడు చేస్తుంటే చూసి రికార్డు రాసుకోవద్దు. 5 మిల్లీలీటర్ల నీలి ద్రావణంలో 8 చుక్కల మూత్రం వేసి, టెస్ట్‌ట్యూబ్ మూతి మనుషుల వైపు లేకుండా పట్టుకుని, రెండు నిమిషాలు మరిగించి చల్లారనివ్వండి. నీలం అట్లాగే ఉంటే చక్కెర లేదు. చక్కెర పెరిగేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. అడుగున దిగే ఆ ఎర్రటి మడ్డి క్యుప్రస్ ఆక్సైడ్. పాలిచ్చే తల్లి మూత్రంలో కూడా రంగు మారొచ్చు, అది లాక్టోజ్. ఈ టెస్టు పట్టేది ఒక్క గ్లూకోజ్‌నే కాదు, రెడ్యూసింగ్ గుణం (ఎదుటి పదార్థానికి ఎలక్ట్రాన్లు ఇచ్చే గుణం) ఉన్న దేన్నైనా పడుతుంది. వైవాలో తప్పకుండా అడిగే ప్రశ్న ఇది.

ఫాస్ఫరస్ కొలిచే రోజున కలరిమీటర్‌లో నీలిరంగు చూస్తారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. ఆ సుబ్బారావు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆ పద్ధతిని ప్రచురించారు. ఆ నీలిరంగు మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఐదో మెట్టు: తెలుగులో చెప్పండి, ఇంగ్లిష్‌లో రాయండి

తెలుగు మీడియంలో చదివి వచ్చామని కుంగిపోవద్దు. పదాన్ని విడగొట్టండి: లైసిస్ అంటే విరగ్గొట్టడం, జెనెసిస్ అంటే పుట్టించడం, నియో అంటే కొత్త. రూమ్‌మేట్‌కు తెలుగులో వివరించి, వెంటనే అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాల్లో రాయండి. పాత ప్రశ్నపత్రాలు సీనియర్ల దగ్గర దొరుకుతాయి, వారానికి ఒకటి గడియారం పెట్టుకుని రాస్తే చాలు.

ఇంటికి వెళ్లినప్పుడు ఎవరిదో ఒకరి షుగర్ రిపోర్టు ఉంటుంది, అది తీయండి. మా నాన్నకు నేను హెచ్‌బీఏ1సీ అనే షుగర్ టెస్టు గురించి చెప్పాను: ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అన్ని రోజులూ రక్తంలోని గ్లూకోజ్ ఏ ఎంజైమ్ సాయం లేకుండా హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటూ పోతుంది, అందుకే రెండు మూడు నెలల లెక్క అందులో తెలుస్తుంది. అంతా విని ఆయన, "మరి బతుకమ్మకు నాలుగు దినాలు సత్తుపిండి తిన్న, గది గూడ తెలుస్తదా?" అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. రాత్రి పుస్తకం తీసి చూశాను. అన్ని నెలల బరువూ ఒకటి కాదు, సుమారు సగం లెక్క చివరి నెలదే. కానీ నాలుగు రోజుల తీపి ఆ సగటును పెద్దగా కదిలించలేదు. పొద్దున చాయ్ తాగుతుంటే నాన్నకు అదే చెప్పాను.