పోర్టోరికో క్రిస్మస్ పానీయం కొకీతో ఇంట్లో ఎలా చేయాలి?

కరీబియన్ దీవి పోర్టోరికోలో క్రిస్మస్ వచ్చిందంటే ఫ్రిజ్‌లో కొకీతో సీసా ఉండాల్సిందే. స్పానిష్‌లో ఆ మాటకు ‘బుల్లి కొబ్బరికాయ’ అని అర్థం. కొబ్బరిపాలు, తీపి పాలు, తెల్ల రమ్, దాల్చినచెక్క కలిపి పాత సీసాల్లో నింపి చుట్టాలకూ స్నేహితులకూ పంచుతారు. జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండగ దాకా ఈ సందడి సాగుతుంది.

పాలు, పచ్చి గుడ్డు, మందు కలిపి చేసే క్రిస్మస్ పానీయం ఎగ్‌నాగ్ కన్నా నాకు ఇదే ఇష్టం. చాలా ఇళ్లలో ఇందులో గుడ్డు వేయరు కాబట్టి పచ్చి గుడ్డు భయం లేదు. పైగా కొబ్బరిపాలు మన వంటింటికి కొత్తేమీ కాదు.

సుమారు లీటరు ముప్పావుకు కావలసినవి: చిక్కటి కొబ్బరిపాలు 400 మి.లీ., కొబ్బరి క్రీమ్ 200 మి.లీ., కండెన్స్‌డ్ మిల్క్ ఒక డబ్బా (400 గ్రా.), వెన్న తీయని పాలు 800 మి.లీ., తెల్ల రమ్ 375 మి.లీ., అంటే ఒక హాఫ్ బాటిల్. దాల్చినచెక్క రెండు ముక్కలు, లవంగాలు నాలుగు, వెనిల్లా ఎసెన్స్ ఒక చెంచా, కొంచెం జాజికాయ.

ముందు పాలు మరిగించాలి. అక్కడ డబ్బాల్లో దొరికే ఎవాపొరేటెడ్ మిల్క్ వాడతారు. పాలలోని నీరు దాదాపు 60 శాతం తీసేస్తే వచ్చేది అదే. కాబట్టి మన 800 మి.లీ. పాలు సన్నని సెగమీద కలుపుతూ 350 మి.లీ.కి వచ్చేదాకా ఇగరబెడితే సరిపోతుంది. మీగడ కట్టకుండా చూసుకోండి, కట్టినా వడకట్టేయండి.

ఇంకో పొయ్యి మీద దాల్చినచెక్క, లవంగాలు ఒక గ్లాసు నీళ్లలో వేసి, నీళ్లు సగమయ్యేదాకా మరిగించి వడకట్టాలి. పొడి కన్నా ఈ కషాయమే మేలు. దాల్చినచెక్క పొడి సీసా అడుక్కి చేరి, చివరి గ్లాసుల్లో ఇసుకలా నాలుక్కి తగులుతుంది. పాలు, కషాయం రెండూ పూర్తిగా చల్లారాలి. వేడిగా ఉన్నప్పుడు కలిపితే కొబ్బరిపాలు విరిగినట్టు నూనె తేలతాయి.

ఇప్పుడు రమ్ తప్ప అన్నీ మిక్సీలో వేసి, అర నిమిషం చొప్పున రెండుసార్లు తిప్పండి. ఆగకుండా తిప్పితే వేడెక్కి కొవ్వు విడిపోతుంది. జాజికాయ రెండు గీతలు అరగదీస్తే చాలు. పిల్లలకు, మందు తాగనివాళ్లకు ఇక్కడే ఒక సీసా తీసి విడిగా ఉంచండి. మిగతా దానిలో రమ్ కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. సీసా తీశాక మిగిలింది తక్కువైతే రమ్ కూడా ఆ మేరకు తగ్గించండి. తెల్లది లేకపోతే డార్క్ రమ్ కూడా బాగుంటుంది, రంగు మాత్రం లేత గోధుమకు మారుతుంది.

సీసాల్లో పోసి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచాలి. రమ్ ఘాటు మెత్తబడి మసాలా వాసన పైకి రావడానికి ఆ రాత్రి చాలా అవసరం, తొందరపడకండి.

మర్నాడు సీసా తీస్తే మెడ దగ్గర తెల్లగా, గట్టిగా బిరడాలా ఏదో కనిపించవచ్చు. మొదటిసారి నేను అది చూసి పాడైందనుకుని మొత్తం సింకులో పారబోశాను. పాడైంది కాదు, కొబ్బరి కొవ్వు. 24 డిగ్రీల కన్నా చల్లబడితే కొబ్బరినూనె పేరుకున్నట్టే ఇదీ పేరుకుంటుంది. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు నిలబెట్టి, రెండు అరచేతుల మధ్య దొర్లించండి. తెల్ల ముద్ద అంచుల్లో వదులై మెల్లగా పాలలోకి జారిపోతుంది. తర్వాత బాగా కుదిపితే మళ్లీ నున్నగా అవుతుంది.

టిన్ లేదా టెట్రాప్యాక్ కొబ్బరిపాలతో చేస్తే వారంలోపు తాగేయండి. పచ్చి కొబ్బరి తురిమి తీసిన మొదటి పాలతో చేస్తే రుచి ఇంకా కమ్మగా ఉంటుంది, కానీ రెండు రోజులకు మించి ఉంచొద్దు.

తియ్యగా ఉంది కదా అని గ్లాసులు నింపొద్దు. ఈ లెక్కన ఆల్కహాల్ సుమారు 9 శాతం, అంటే 100 మి.లీ. గ్లాసులో దాదాపు ముప్పావు చిన్న పెగ్గు (చిన్న పెగ్గు 30 మి.లీ.) రమ్ ఉన్నట్టే. తాగినవాళ్లు బండి తాళం ముట్టుకోకూడదు. ఆంధ్ర, తెలంగాణల్లో మందుకు కనీస వయసు 21 ఏళ్లు.

ఐస్ వేయకుండా చిన్న గ్లాసుల్లో పోసి, పైన చిటికెడు దాల్చినచెక్క పొడి చల్లి ఇవ్వండి.