ఇంట్లో ఎలక్ట్రానిక్ వోల్ట్‌మీటర్, 7వ పాఠం: ఇన్‌పుట్ రెసిస్టెన్స్ సగమే ఎందుకొచ్చింది?

పోయిన పాఠంలో మన మీటర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్, అంటే కొలిచే సర్క్యూట్‌కి మీటర్ ఎంత రెసిస్టర్‌లా కనిపిస్తుందో, కొలిచి గుంటూరు, బెజవాడల నుంచి మీరు పంపిన లెక్కల్లో చాలావాటికి జవాబు ఒకటే, 5 మెగోమ్‌లు. మనం ఇన్‌పుట్‌లో పెట్టిన డివైడర్ (వోల్టేజిని పంచే రెసిస్టర్ల వరస) మొత్తం 10 కదా, మిగతా సగం ఏమైనట్టు? రేంజి స్విచ్ పాఠం వచ్చేసారికి, ముందు ఇది తేల్చుకుందాం.

పద్ధతి తెలిసిందే: 9 వోల్టుల బ్యాటరీని నేరుగా ఒకసారి, 10 మెగోమ్‌ల రెసిస్టర్ గుండా ఒకసారి కొలిచి, రెండో రీడింగ్‌ని రెండింటి తేడాతో భాగించి, రెసిస్టర్ విలువతో గుణించడమే. రెండో రీడింగ్ 4.5 రావాలి. మీకు 3 వచ్చింది. ఎందుకంటే, మన మీటర్ మీద నమ్మకం లేక, డిజిటల్ మల్టీమీటర్‌ని కూడా అదే ఇన్‌పుట్‌కి తగిలించి వదిలేశారు! దాని ఇన్‌పుట్ కూడా మామూలుగా 10 మెగోమ్‌లే అండీ. రెండూ పారలల్‌లో 5 అవుతాయి, 9 వోల్టులు 10కీ 5కీ పంచితే మన వాటా 3, ఫార్ములాలో వేస్తే 5 రాక ఏమొస్తుంది? మీరు కొలిచింది రెండు మీటర్లని కలిపి. మల్టీమీటర్‌ని బ్యాటరీ మీద ఎంతసేపైనా ఉంచుకోండి, ఏం కాదు. రెసిస్టర్ దాటాక మాత్రం పెట్టకండి. దాని ప్రోబ్ తీసి చూడండి, ముల్లు 3 దగ్గర్నుంచి 4.5కి లేస్తుంది.

ఇంకో సంగతి, రెసిస్టర్‌ని రెండు కాళ్ళూ తగిలేలా వేళ్ళతో పట్టుకోకండి. మే నెల బెజవాడ చెమటకి వేళ్ళే ఇంకో రెసిస్టర్ అయి రీడింగ్ పెరుగుతుంది. నేనైతే క్రొకడైల్ క్లిప్పులే వాడతాను.

మీటర్‌లో ఆప్-ఆంప్ (సిగ్నల్ పెంచే చిప్)గా 741 వాడినవాళ్ళకి ఈ లెక్క కుదరదు. దాని ఇన్‌పుట్ కరెంటు మామూలుగా 80 నానోఆంపియర్లు, 10 మెగోమ్‌ల మీద అదే 0.8 వోల్టు. ఈ కరెంటు చాలా తక్కువుండే టీఎల్071 ఆప్-ఆంప్ పెట్టుకోండి.

అభ్యాసం: రెండు 1 మెగోమ్ రెసిస్టర్లు సిరీస్‌లో కలిపి 9 వోల్టులివ్వండి. మధ్య బిందువు దగ్గర మన మీటర్ ఎంత చూపాలో ముందు కాగితం మీద రాసి, తర్వాతే కొలవండి. 4.5 అని రాసినవాళ్ళు ఈ పాఠం మళ్ళీ చదవాలి, 4.29 దగ్గర వస్తే సరే. వోల్టుకి 20,000 ఓమ్‌ల పాత ముల్లు మీటర్ ఇంట్లో ఉంటే 10 వోల్టుల రేంజిలో దానికీ లెక్క కట్టండి, జవాబు 1.3 లోపే.