సర్వర్ కాపలా, 5వ పాఠం: ప్యాచ్ ఎప్పుడు వేయాలి?

పోయిన పాఠంలో తీవ్రత స్కోరు పదికి 9 దాటిన సాఫ్ట్‌వేర్ లోపాలను ముందు చూడమన్నాను. ముందు చూడమంటే ప్యాచ్‌ని, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ని, పట్టపగలే వేసేయమని కాదు. చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సర్వర్‌కి సీజన్ మధ్యలో, గేటు బయట లారీలు బారులు తీరి ఉండగా వేసేశారు. తూకం బిల్లులు ఆగిపోయాయి.

స్కోరు చెప్పేది లోపం ఎంత చెడ్డదో మాత్రమే. మీరు చూసుకోవలసినవి ఇంకో రెండు. ఆ సర్వర్ ఇంటర్నెట్‌కి తెరిచి ఉందా? ఆ లోపాన్ని దొంగలు ఇప్పటికే వాడుతున్నారా? ఈ రెండోదానికి అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) 2021 నుంచి నడుపుతున్న జాబితా (KEV) చూడండి. రెండింటికీ అవునంటే ఆ రాత్రే వేయాలి. లేదంటే టెస్ట్ మెషీన్ మీద వారం నడిపించండి. వారం అన్నాను, నెలలు కాదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వన్నాక్రై వైరస్ వాడుకున్న లోపానికి ప్యాచ్ 2017 మార్చి 14నే వచ్చింది. దాడి మే 12న. ఆ దెబ్బ మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్ల దాకా వచ్చింది.

మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం, మనకు రాత్రిపూట వస్తాయి. తొందర లేనివైతే నేను గురువారం తెల్లవారుజామున వేస్తాను. వాటిలో తేడా ఉంటే బుధవారమంతా జనం గోల ఎలాగూ వినిపిస్తుంది. శుక్రవారం సాయంత్రం మాత్రం సర్వర్ జోలికి పోను. వేసేముందు బ్యాకప్ తీసుకోవాలన్న సంగతి మళ్ళీ చెప్పను.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. "ప్యాచ్ వేశాం సార్, రీస్టార్ట్ తర్వాత చేస్తాం." అంటే వేయలేదన్నమాట! డిస్కు మీద ఫైలు మారింది, మెమరీలో నడుస్తున్నది పాతదే. 2014లో వెబ్‌సైట్ల రహస్య సమాచారాన్ని కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు, దాన్ని అప్‌డేట్ చేసినా, వెబ్ సర్వర్‌ని రీస్టార్ట్ చేసేదాకా పాత లైబ్రరీయే జవాబులిస్తుండేది. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ అయితే మెషీనే రీబూట్ కావాలి, లేదా ఆపకుండానే ప్యాచ్ వేసే లైవ్ ప్యాచింగ్ ఉండాలి. ఉబుంటు లినక్స్‌లో నీడ్‌రీస్టార్ట్ (needrestart) కమాండ్ కొడితే ఏ సర్వీసు పాతదాన్ని పట్టుకుని కూర్చుందో పేరుతో సహా చెబుతుంది. కాబట్టి ప్యాచ్ ఎప్పుడు అంటే, రీస్టార్ట్ ఎప్పుడు అని అర్థం. రిజిస్టర్‌లో ఆ టైమే రాయండి.

అభ్యాసం: తిరుపతిలో ఒక లాడ్జి బుకింగ్ సర్వర్ మీ చేతిలో ఉందనుకోండి. ఏడాదిలో దాన్ని ముట్టుకోకూడని రోజులన్నీ రాయండి: బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, దర్శనం కోటా విడుదలయ్యే ఉదయాలు. సరిగ్గా ఆ రోజే అత్యవసర ప్యాచ్ వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని నిమిషాలు ఆపొచ్చు అన్నది ప్రతి తేదీ పక్కనా ఉండాలి. నిజంగానే సర్వర్ చూసుకుంటున్నవాళ్లు ఆ కాగితం మీద యజమాని సంతకం కూడా తీసుకోండి.