వేసవిలో తాడోబా చూడబోయే కుటుంబాలకు కొన్ని జాగ్రత్తలు

వేసవి సెలవులు రాగానే మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురాలలో ఉండే తెలుగువారి ఇళ్లకు మంచిర్యాల, కరీంనగర్ వైపు నుంచి బంధువులు వస్తారు, వచ్చినవారు చంద్రపూర్ జిల్లాలోని పులుల అభయారణ్యం తాడోబా చూపించమని అడుగుతారు. ఆకులు రాలి అడవి పలచబడి, జంతువులు నీటిగుంటల దగ్గరికి చేరే ఏప్రిల్, మే నెలల్లో పులి కనిపించే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ కోరిక సహజమే. అయితే చంద్రపూర్‌లో ఎండ 45 డిగ్రీలు దాటేదీ ఆ నెలల్లోనే. జీపులో కూర్చున్నవారికి పులి కంటే ఎండ వల్లనే ముప్పు ఎక్కువని నా అభిప్రాయం.

సఫారీ జిప్సీకి పైకప్పు ఉండదు. మధ్యాహ్నపు సఫారీ ఎండ మండుతుండగానే మొదలవుతుంది కనుక చిన్నపిల్లలు, రక్తపోటు, షుగర్ ఉన్న పెద్దలు తెల్లవారుజామున బయలుదేరే సఫారీకే టికెట్ తీసుకోవడం మంచిది. దాహం వేసేదాకా ఆగకుండా గేటు దగ్గరికి చేరకముందు నుంచే నీళ్లు తాగుతూ ఉండాలి, ఓఆర్ఎస్ కలిపిన సీసా ఒకటి విడిగా పెట్టుకోవాలి, తలకు, మెడకు తడిపిన కండువా చుట్టుకోవాలి. ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, చెమట పడుతున్నా సరే, అది వడదెబ్బేనని భావించి, వెంటనే గైడుకు చెప్పి బండి వెనక్కి తిప్పించి, నీడలో ఒంటిమీద నీళ్లు పోసి విసురుతూ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. పులి ఇంకా కనబడలేదన్న కారణంతో ఆ సమయంలో ఆలస్యం చేసేవారు కూడా ఉంటారు.

మంగళవారం సఫారీ ఉండదు. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందుగానే తీసుకోవాలి, అందులో రాసిన గుర్తింపు కార్డునే వెంట తెచ్చుకోవాలి. మొబైల్ ఫోన్లను లోపలికి అనుమతించరు.

బండి దిగకపోవడం అన్నిటికన్నా ముఖ్యం. 2021 నవంబరులో తాడోబాలోనే పులుల గణన కోసం కాలినడకన తిరుగుతున్న అటవీ రక్షకురాలు ఆడపులి దాడిలో మరణించింది. అడవి తెలిసిన ఉద్యోగికే అలా జరిగినప్పుడు, మూత్రవిసర్జనకనో ఫొటో కోసమనో అభయారణ్యం చుట్టూ ఉండే బఫర్ అడవిలో రోడ్డు పక్కన కారు ఆపి పొదల్లోకి వెళ్లడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ముఖ్యంగా మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పచెట్ల కిందికి వెళ్లకండి. పువ్వు ఏరుకోవడానికి వీలుగా ఆకులు కాల్చి నల్లగా చేసిన నేల మీద లేత పసుపు పూలు రాలి ఉంటాయి, చూడగానే పిల్లలు పరుగెత్తుతారు. ఆ పూల కోసమే ఎలుగుబంట్లు కూడా వస్తాయి. వంగి ఏరుకునే మనిషి ఆకారాన్ని పులి వేటజంతువుగా పొరబడే ప్రమాదమూ ఉంది.

చంద్రపూర్ నుంచి తాడోబా గేటు ఉన్న మోహర్లీ ఊరికి వెళ్లే రోడ్డును చీకటి పడకముందే దాటుకోవడం మేలు. 2022 ఫిబ్రవరిలో చంద్రపూర్‌ను ఆనుకుని ఉన్న దుర్గాపూర్ పరిసరాల్లో చిరుత, పులి దాడుల్లో ప్రాణాలు పోయాయి కాబట్టి, ఊరు దగ్గరే కదా అన్న ధీమా వద్దు. మోహర్లీలో రాత్రి బస చేసేవారు, మన ఇళ్లలోలాగా ఆరుబయట మంచాలు వేసుకుని పడుకోకూడదు. ఉక్కగా ఉన్నా తలుపు వేసుకునే పడుకోవాలి, బయటికి రావలసివస్తే టార్చి, చెప్పులు లేకుండా గడప దాటకూడదు, పిల్లలను ఒంటరిగా పంపకూడదు.